నిఘా వైఫల్యం అంటే ఎవరి వైఫల్యం? ఒక వివాదాస్పద పుస్తకం తెరిచే ముందు

“చదవొచ్చా అని కాదు బాబాయ్, నమ్మొచ్చా అని అడుగుతున్నా.”

మా అన్నయ్య కొడుకు ప్రశ్న ఇది. విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేడ మీద కూర్చున్నాం. వాడి చేతిలో నాలుగు వందల పేజీలు దాటిన ఇంగ్లిష్ పుస్తకం. మన దేశంలో జరిగిన ఉగ్రవాద దాడులు, వాటిని ముందుగా పసిగట్టలేకపోయిన ప్రభుత్వాలు, ఆ తర్వాత తప్పులు కప్పిపుచ్చుకున్న తీరు, ఇదీ అందులోని విషయం. వాడు గ్రూప్-1కి ప్రిపేర్ అవుతున్నాడు. కోచింగ్‌లో ఒక స్నేహితుడు ‘ఇది చదవకపోతే నీకు అంతర్గత భద్రత గురించి ఏమీ తెలియనట్టే’ అన్నాడట. ఇంకొకడు ‘దేశం మీద బురద జల్లే పుస్తకం, ముట్టుకోకు’ అన్నాడట. ఇంట్లో మా అన్నయ్య అట్ట చూసి, లోపల ఒక్క పేజీ తిప్పకుండా, ‘దీన్ని ఇంట్లో ఉంచకు’ అనేశాడు. నేవల్ డాక్‌యార్డ్‌లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన మనిషి. దేశ భద్రత మాటొస్తే అన్నయ్యకి ఎదురు చెప్పడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

పుస్తకం పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటివి వస్తూనే ఉంటాయి. ఏది చేతికొచ్చినా దాన్ని ఎలా పరీక్షించాలో చెప్పుకోవడం, ఒక్క పుస్తకం మీద తీర్పు చెప్పడం కన్నా అవసరం అనిపించింది.

నేను పాతికేళ్లు ఒక పత్రికలో డెస్క్ మీద పనిచేశాను. ఎక్కడ బాంబు పేలినా మర్నాటి పేజీలో ఒక బాక్సు కట్టి ‘నిఘా వైఫల్యం’ అని హెడ్డింగ్ పెట్టేవాళ్లం. రెండే మాటలు, సింగిల్ కాలంలో చక్కగా పడతాయి. ఆ రాత్రికి ఎవరికీ ఇంకేమీ తెలియదు కాబట్టి కాదనేవాళ్లూ ఉండరు. ఆ హెడ్డింగ్ ఎన్నిసార్లు పెట్టానో నాకే లెక్క లేదు. తర్వాత కమిటీల నివేదికలు, కోర్టు తీర్పులు తీరిగ్గా చదువుతుంటే అర్థమైంది, ఆ రెండు మాటల కింద కనీసం నాలుగు రకాల తప్పులు కలిసిపోయి ఉన్నాయని. ఒకటి, అసలు సమాచారమే అందకపోవడం. రెండోది, అందినా ఒక శాఖ దగ్గరే ఆగిపోవడం. మూడోది, చేరాల్సినవాళ్లకు చేరినా వాళ్లు లెక్కచేయకపోవడం. నాలుగోది, లెక్కచేసినా ఆపడానికి చేతిలో మనుషులు, పడవలు, తుపాకులు లేకపోవడం. వీటిలో ఒక్కోదానికి జవాబు చెప్పాల్సిన మనిషి వేరు. మొదటిదానికి గూఢచారి సంస్థ చెప్పాలి, నాలుగోదానికి బడ్జెట్ మీద సంతకం పెట్టిన మంత్రి చెప్పాలి. ఈ నాలుగింటినీ విడదీసి చూపించే పుస్తకం ఎవరి పక్షాన రాసినా చదవాల్సిందే. అన్నిటినీ ఒకే ముద్ద చేసి ఒకే మనిషి మొహాన కొట్టే పుస్తకం ఎంత ఆవేశంగా రాసినా నాకు పనికిరాదు.

రెండో రకం తప్పుకి అందరూ చెప్పుకునే ఉదాహరణ అమెరికాలో 2001 సెప్టెంబరు 11. దాడిలో పాల్గొన్న ఇద్దరి గురించి అక్కడి గూఢచారి సంస్థ సీఐఏకి 2000 సంవత్సరం మొదట్లోనే తెలుసు. కౌలాలంపూర్‌లో జరిగిన ఒక సమావేశం మీద కన్నేసి, అక్కడికి వచ్చిన వాళ్లను గుర్తించారు. కానీ ఆ ఇద్దరి పేర్లు నిఘా జాబితాలోకి ఎక్కింది 2001 ఆగస్టులో. దేశం లోపల దర్యాప్తు చూసే ఎఫ్‌బీఐ వెతకడం మొదలుపెట్టేసరికి సమయం మించిపోయింది. ఈ సంగతులు బయటికి తీసింది ఏ ప్రభుత్వ వ్యతిరేకో కాదు, అక్కడి ప్రభుత్వం వేసిన కమిషనే. 2004 జులైలో దాని నివేదిక పుస్తకంగా వచ్చింది, మామూలు జనం కొనుక్కుని చదివారు.

మన దగ్గర 2008 నవంబరు 26న మొదలైన ముంబయి దాడిలో 166 మంది చనిపోయారు. దాని మీద అలాంటి జాతీయ స్థాయి కమిషన్ వేయలేదు. మహారాష్ట్ర ప్రభుత్వం రామ్ ప్రధాన్, వి. బాలచంద్రన్‌లతో ఇద్దరు సభ్యుల కమిటీ వేసింది. ఆ కమిటీ పరిధి ముంబయి పోలీసుల స్పందన వరకే. కేంద్ర నిఘా సంస్థలను పిలిచి ప్రశ్నించే వీలు దానికి లేదు. అంటే పైన చెప్పిన నాలుగింటిలో సగం గదులకు తాళం వేసే విచారణ మొదలైందన్నమాట. ఇలాంటి పుస్తకాలు మన దేశంలో ఎందుకు పుడతాయి, ఎందుకింత గొడవ అవుతాయి అని అడిగితే నేను చెప్పే మొదటి కారణం ఇదే. అధికారికంగా పూర్తి కథ ఎవరూ చెప్పలేదు. ఆ ఖాళీలోకి జర్నలిస్టులు వస్తారు, రిటైరైన అధికారులు వస్తారు, చనిపోయినవాళ్ల భార్యలు వస్తారు, పుకార్లు అల్లేవాళ్లూ వస్తారు.

మావాడి పుస్తకంలో ముంబయి దాడికి రెండు అధ్యాయాలు కేటాయించారు. వాటిని వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి ఒక ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్లాను. ముంబయి దాడిలో మొదటి అడుగు ఒక చేపల పడవ కాబట్టి. పదిమంది కరాచీ నుంచి బయల్దేరి, దారిలో ‘కుబేర్’ అనే గుజరాత్ పడవను పట్టుకున్నారు. దాంట్లోనివాళ్లను చంపారు. తీరం దగ్గరకొచ్చాక చివరికి మిగిలిన నావికుణ్ణి కూడా చంపి, గాలి నింపిన రబ్బరు పడవలో కఫ్ పరేడ్ వైపు మత్స్యకారుల కాలనీ దగ్గర దిగారు. అక్కడివాళ్లు చూశారు, ఎవరు మీరని అడిగారు కూడా.

హార్బర్‌లో అప్పుడే వేట నుంచి వచ్చిన పడవలు దించుతున్నారు. జెట్టీ మీద ఐసు కరిగి కాళ్ల కింద నీళ్లు పారుతున్నాయి. నాకు పాత పరిచయమున్న ఒక సరంగు, అంటే పడవ నడిపే పెద్ద, చొక్కా జేబులోంచి పాలిథిన్ కవర్లో చుట్టిన గుర్తింపు కార్డు తీసి మావాడి చేతిలో పెట్టాడు. ముంబయి తర్వాతే మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులు వచ్చాయి. 2009 ఫిబ్రవరిలో మొత్తం సముద్ర భద్రత బాధ్యత నౌకాదళానికి అప్పగించారు. కోస్ట్‌గార్డు, మెరైన్ పోలీసులతో కలిసి పనిచేయడానికి నాలుగు చోట్ల ఉమ్మడి కేంద్రాలు పెట్టారు, అందులో ఒకటి మన విశాఖలోనే. 20 మీటర్లు దాటిన పడవలు తామెక్కడున్నాయో చెప్పే ఏఐఎస్ పరికరం పెట్టుకోవాలి. మరి మన హార్బర్‌లో కట్టేసి కనిపించే పడవల్లో చాలావరకు అంతకన్నా చిన్నవే. మావాడు అదే అడిగాడు. “కార్డు ఉంది, నంబరుంది, అన్నీ ఉన్నాయి బాబూ,” అన్నాడు సరంగు. “మా పడవలాంటిదే ఏసుకుని ఇంకెవుడైనా వస్తే ముందుగా సూసేది మేమే గదా. సూసినోడు సెబితే వినేవోడుండాల.”

ఆ చివరి మాట నాకు ఏ నివేదికలోనూ అంత సూటిగా కనిపించలేదు. సముద్ర మార్గంలో దాడి జరగొచ్చని, తాజ్ హోటల్ లక్ష్యం కావచ్చని ముంబయికి ముందే హెచ్చరికలు వచ్చాయి. అంటే మొదటి రకం తప్పు పూర్తిగా జరగలేదు. మూడో రకం జరిగింది. ఆపైన నాలుగోది. ఉగ్రవాదుల్ని ఎదుర్కోవడానికి ఉన్న కేంద్ర దళం ఎన్‌ఎస్‌జీ కమాండోలు ఉండేది ఢిల్లీ పక్కన మానేసర్‌లో. దాడి రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో మొదలైతే వాళ్లు విమానం ఎక్కి ముంబయి చేరేసరికి తెల్లవారవచ్చింది. ఈ లోపు లాఠీలు, పాత రైఫిళ్లతో నిలబడిన పోలీసులే ఎదుర్కొన్నారు. తుకారాం ఓంబ్లే ఒట్టి చేతులతో కసబ్ తుపాకీ పట్టుకుని ప్రాణం వదిలాడు. ఆ తర్వాతే ముంబయి, చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్‌లలో ఎన్‌ఎస్‌జీ కేంద్రాలు వచ్చాయి, ఉగ్రవాద కేసుల దర్యాప్తుకి ఎన్‌ఐఏ వచ్చింది. ‘నిఘా వైఫల్యం’ అని ఒకే మాటలో రాసేస్తే ఇందులో ఏదీ కనపడదు.

ఇక్కడ రచయితకి న్యాయం చేయాలంటే పాలకులకీ న్యాయం చేయాలి. దాడి జరిగాక వెనక్కి తిరిగి చూస్తే ప్రతి హెచ్చరికా పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. జరగక ముందు అది వందల కాగితాల్లో ఒక కాగితం. 1941లో అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ చేసిన దాడి గురించి రాబర్టా వోల్‌స్టెటర్ 1962లో చేసిన అధ్యయనం ఇదే చెప్పింది. సంకేతాలు ఉన్నాయి, కానీ వాటి చుట్టూ బోలెడంత రొద ఉంది. సంక్రాంతి ముందు రోజు జగదాంబ సెంటర్లో నిలబడి ఉంటే ఎవరో మీ పేరు పెట్టి పిలిచారనుకోండి. ఇంటికెళ్లాక ‘అంత గట్టిగా పిలిస్తే వినపడలేదా’ అంటారు. ఆ గోలలో ఎలా వినపడుతుంది? మంచి పుస్తకం ఆ గోలను కూడా వినిపిస్తుంది. సరైన హెచ్చరికతో పాటు అదే వారంలో వచ్చిన తప్పుడు హెచ్చరికలు ఎన్నో చెబుతుంది. చెడ్డ పుస్తకం నిజమైన ఒక్క కాగితాన్ని మాత్రమే బల్ల మీద పెట్టి, ‘చూశారా, తెలిసి కూడా...’ అంటుంది.

మనవాళ్లకు బాగా గుర్తుండే ఉదాహరణ హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం రెండు పేలుళ్లు, 18 మంది చనిపోయారు. అదే రాత్రి కేంద్ర హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే, రెండు రోజుల ముందే అన్ని రాష్ట్రాలకూ సమాచారం పంపామన్నారు. అలాంటివి మామూలుగా వస్తూనే ఉంటాయి, అది సాధారణ హెచ్చరికే అని రాష్ట్రం నుంచి జవాబు వచ్చింది. వినడానికి రెండూ నిజమే. దేశమంతటికీ ఒకేలా పంపిన హెచ్చరికతో సరూర్‌నగర్ ఎస్‌ఐ ఏం చేయగలడు? కానీ ఇంకో కాగితం కూడా ఉంది. అంతకు నాలుగు నెలల ముందు ఢిల్లీ పోలీసులు పట్టుకున్న నిందితులు హైదరాబాద్‌లో రెక్కీ చేశామని, అంటే దాడికి అనువైన చోట్లు ముందే చూసొచ్చామని చెప్పారు, ఆ చెప్పిన చోట్లలో దిల్‌సుఖ్‌నగర్ పేరుంది. ఇప్పుడు ప్రశ్న మారిపోయింది. సాధారణ హెచ్చరిక సంగతి పక్కనపెట్టి, పేరు పెట్టి చెప్పిన ఆ వాంగ్మూలం ఎవరి ఫైల్లో ఆగింది అని అడగాలి. మావాడి పుస్తకంలో షిండే మాట ఉంది, రాష్ట్రం జవాబు ఉంది, ఆ రెక్కీ సంగతీ ఉంది. అది చూశాక నాకు ఆ రచయిత మీద కొంత గురి కుదిరింది.

పుస్తకాన్ని వెనక నుంచి తెరవమని మావాడికి చెప్పాను. ముందుమాట కన్నా ముందు, ఏ మాటకి ఏది ఆధారమో చెప్పే చివరి నోట్సు చూడాలి. మేడ మీద కూర్చుని ఒక అధ్యాయం నోట్సు మొత్తం పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ పోయాం. కోర్టు తీర్పు, ఛార్జిషీటు, పార్లమెంటులో ఇచ్చిన జవాబు, అలాంటివాటికి ఒక గుర్తు. పత్రికల వార్తకి ఇంకో గుర్తు. ‘పేరు చెప్పడానికి ఇష్టపడని అధికారి’కి మూడో గుర్తు. తర్వాత ఆ మూడో గుర్తున్న వాక్యాలన్నిటినీ కాసేపు లేవనుకుని అధ్యాయాన్ని మళ్లీ చదవమన్నాను. తీరరక్షణ మీద అధ్యాయం అలా తీసేసినా నిలబడింది. ఆరోపణ మొత్తం కాగితాల మీదే ఉంది. చివరి భాగం మాత్రం కూలిపోయింది. అక్కడ ఉన్నవన్నీ మూడో గుర్తులే.

పేరు చెప్పని అధికారి అనగానే అబద్ధం అని కొట్టిపారేయకూడదు. నేనూ డెస్క్‌లో ‘నిఘా వర్గాల భోగట్టా’ అని వచ్చిన కాపీలు దిద్దినవాణ్ణే. వాటిలో కొన్ని అక్షరాలా నిజమయ్యాయి, కొన్ని ఎవరో ఎవరి మీదో కక్షతో వదిలినవి. మన దేశంలో లోపలివాళ్లు పేరుతో మాట్లాడటం కష్టం. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా ఉంది. ఐబీ, రా లాంటి నిఘా సంస్థలను సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్ పక్కన పెట్టేసింది, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు మాత్రమే మినహాయింపు. 2021లో పెన్షన్ నిబంధనలు మార్చి, అలాంటి సంస్థల్లో చేసి రిటైరైనవాళ్లు తమ పని గురించి రాయాలంటే ముందే అనుమతి తీసుకోవాలన్నారు. అంటే పేరుతో వచ్చిన జ్ఞాపకాల పుస్తకంలో చెప్పనివి చాలా ఉండొచ్చు, పేరు లేకుండా చెప్పినదాన్ని సరిచూసుకునే దారి మనకి ఉండదు. రెండు రకాల పుస్తకాలకీ చెరో లోపం.

ఈ గోడకి కన్నం వేసిన మనిషి ఒకరున్నారు. ముంబయి దాడిలో కామా ఆసుపత్రి పక్క సందులో చనిపోయిన అధికారి అశోక్ కామ్టే భార్య వినీతా కామ్టే. తన భర్త ఆ సందులోకి ఎందుకు వెళ్లారు, గాయపడి పడిపోయాక సాయం ఎందుకు రాలేదు అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఆమె సమాచార హక్కు కింద ఆ రాత్రి కంట్రోల్ రూమ్ కాల్ రికార్డులు తీయించారు. వాటి ఆధారంగా 2009లో పుస్తకం తెచ్చారు. ఆ రాత్రి కంట్రోల్ రూమ్ బాధ్యత చూసిన రాకేశ్ మరియా ఆ ఆరోపణలు ఒప్పుకోలేదు. రిటైరయ్యాక 2020లో తన వైపు కథ తనూ పుస్తకంగా రాశారు. ఆమె దుఃఖంలో ఉన్న మనిషి కాబట్టి ఆమె రాసింది నమ్మలేం అన్నవాళ్లున్నారు. నాకా మాట చాలా అన్యాయంగా తోస్తుంది. ఆమె బల్ల మీద పెట్టింది ఏ నిమిషానికి ఏ కాల్ వచ్చింది, ఎవరు ఏం జవాబిచ్చారు అన్న రికార్డు. దాన్ని ఖండించాలంటే అదే రికార్డుతో ఖండించాలి. ఇలాంటి జంట దొరికితే రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవడం కన్నా మంచి చదువు లేదు.

మనకు దగ్గరగా తెలిసిన సంఘటన మీద రచయితని పరీక్షించడం ఇంకో మార్గం. 2023 నవంబరు 19 రాత్రి మన ఫిషింగ్ హార్బర్ తగలబడింది, దాదాపు నలభై పడవలు కాలిపోయాయి. మర్నాడు ఊరంతా ఏమనుకున్నాం? ఒక యూట్యూబర్ ఇచ్చిన పార్టీ వల్లే అన్నాం. ఫోన్లలో అదే తిరిగింది, టీకొట్టు దగ్గర అదే మాట. తర్వాత పోలీసులు సీసీ కెమెరాలు చూసి, ఆ కుర్రాడికి సంబంధం లేదని తేల్చి, వేరే ఇద్దరిని పట్టుకున్నారు. కాల్చి పారేసిన సిగరెట్ వల్ల అంటుకుందన్నారు. మన కళ్లెదురుగా, మన ఊళ్లోనే మొదటి కథ తప్పయింది. ఇక దేశం అవతలి కొసన జరిగిన పేలుడు మీద వారం రోజుల పేపర్లు చూసి రాసిన అధ్యాయాన్ని ఎంతవరకు నమ్మాలి?

అందుకే పుస్తకం ఏ సంవత్సరంలో అచ్చయిందో కూడా చూడాలి. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగింది. తొమ్మిది మంది పేలుడులో, ఐదుగురు ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో చనిపోయారు. మొదట నగరంలోని ముస్లిం యువకులను పట్టుకున్నారు, వాళ్లు కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు. దర్యాప్తు ఇంకో దిక్కుకి తిరిగింది, వేరేవాళ్ల మీద కేసు నడిచింది. 2018 ఏప్రిల్‌లో ఎన్‌ఐఏ కోర్టు విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులంది. ముంబయి లోకల్ రైళ్లలో 2006 జులై 11న జరిగిన పేలుళ్ల కేసులో 2015లో 12 మందికి శిక్ష పడింది, ఐదుగురికి ఉరి. 2025 జులై 21న బాంబే హైకోర్టు ఆ 12 మందినీ నిర్దోషులుగా తేల్చింది. దాని మీద అప్పీలు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2016లో అచ్చయిన పుస్తకంలో వాళ్లు ‘దోషులు’ అని రాసి ఉంటే ఆ రచయిత అబద్ధం చెప్పలేదు, కానీ ఆ పేజీ ఇవాళ చెల్లదు. ఎవరు చేశారో తేలకపోవడం కూడా ప్రభుత్వ వైఫల్యమే. నా దృష్టిలో అదే పెద్దది. పేలుడులో కొడుకుని పోగొట్టుకున్న తల్లికీ న్యాయం జరగలేదు, చేయని నేరానికి ఏళ్ల తరబడి జైల్లో ఉన్న కొడుకు తల్లికీ జరగలేదు. ఈ ఇద్దరు తల్లుల్లో ఒక్కరినే చూసే పుస్తకం సగం పుస్తకం.

నిషేధం, కోర్టు కేసు, గొడవ వీటిని బట్టి పుస్తకం విలువ కట్టొద్దు. 2010లో అమెరికా రక్షణ శాఖ, అఫ్గానిస్థాన్ యుద్ధం మీద తమ మాజీ అధికారి ఒకరు రాసిన పుస్తకం దాదాపు 9,500 కాపీలు కొనేసి నాశనం చేయించింది. దాంతో ఆ పుస్తకం అందరి నోళ్లలో పడింది. రహస్యం ఉందని వాళ్లు భయపడ్డారన్నంత వరకే అది రుజువు చేస్తుంది, అందులో రాసిందంతా నిజమని కాదు. మన దగ్గర కూడా రాష్ట్ర ప్రభుత్వం ఒక పుస్తకాన్ని స్వాధీనం చేసుకోవాలని ఉత్తర్వు ఇవ్వొచ్చు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 98వ సెక్షన్ ఆ అధికారం ఇస్తుంది. ఆ ఉత్తర్వుని హైకోర్టులో సవాలు చేసుకునే హక్కూ ఆ చట్టంలోనే ఉంది.

మావాడి పుస్తకంలో చివరి భాగం ఎందుకు కూలిపోయిందో కాస్త వివరంగా చెప్పాలి. అప్పటిదాకా ‘ఆపలేకపోయారు’ అని రాసిన రచయిత అక్కడికొచ్చేసరికి ‘కావాలనే ఆపలేదు’ అంటాడు. ఈ రెండు మాటల మధ్య చాలా దూరం ఉంది. నిర్లక్ష్యాన్ని రుజువు చేయడానికి పట్టించుకోని ఫైలు చాలు. కుట్రని రుజువు చేయాలంటే ఎవరు ఎవరికి ఏం చెప్పారో, ఎందుకు చెప్పారో చూపించాలి. దానికి ‘ఇంత తెలిసి కూడా ఊరుకున్నారంటే అర్థమేంటి?’ అన్న ప్రశ్న సరిపోదు. ప్రభుత్వాఫీసుల్లో పనిచేసిన ఎవర్ని అడిగినా చెబుతారు, తెలిసి కూడా ఊరుకోవడానికి బద్ధకం, భయం, బదిలీ, పైవాడి మీద నెట్టేయడం, ఇవన్నీ కారణాలే. ప్రశ్నార్థకాల మీద నడిచే పేజీలొస్తే జాగ్రత్తపడమని మావాడికి చెప్పాను.

అన్నయ్య అభ్యంతరం మాత్రం వేరు, దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. “మన లోపాలు మనమే అచ్చేసి అమ్మితే, చదివేది మనమొక్కళ్లమేనా?” అన్నాడు. 2019 డిసెంబరులో శత్రు దేశానికి సమాచారం ఇచ్చారని ఏడుగురు నేవీ సిబ్బందిని అరెస్టు చేసినప్పుడు అన్నయ్య రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ బాధ నాకు తెలుసు. అందుకని వాదించకుండా కార్గిల్ సంగతి చెప్పాను. యుద్ధం ముగిసిన కొన్నాళ్లకే, 1999 జులైలో, వాజ్‌పేయి ప్రభుత్వం కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్ష కమిటీ వేసింది. 2000 ఫిబ్రవరిలో నివేదికని పార్లమెంటు ముందు పెట్టింది. శత్రువుకి పనికొచ్చే భాగాలు తీసేసి మిగతాది అచ్చువేసింది. చొరబాటుని ముందుగా పసిగట్టలేకపోయామని అందులో ఉంది, నిఘా సంస్థల మధ్య సమన్వయం లేదని ఉంది. ఆ తర్వాత వచ్చిన మార్పుల్లో చాలావాటికి మూలం అదే. “కాబట్టి లోపం చెప్పడం, రహస్యం చెప్పడం ఒకటి కాదన్నయ్యా,” అన్నాను. ఫలానా చోట రాడార్ పనిచేయదు అని రాస్తే అది ద్రోహం. రాడార్ కొనడానికి డబ్బిచ్చి పదేళ్లయినా ఎందుకు బిగించలేదు అని అడిగితే అది పన్ను కట్టేవాడి హక్కు. మావాడి పుస్తకంలో నేను వెతికినంతవరకు రెండో రకమే ఉంది.

అన్నయ్య వెంటనే జవాబివ్వలేదు. కాసేపాగి ఘాజీ సంగతి ఎత్తాడు. 1971 డిసెంబరులో మన విశాఖ తీరంలో, 90 మందికి పైగా మనుషులతో మునిగిపోయిన పాకిస్తాన్ సబ్‌మెరైన్. మన నేవీ లెక్క ప్రకారం దాన్ని ముంచింది ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్. పాకిస్తాన్ లోపల పేలుడు వల్ల మునిగిందంటుంది. “బీచ్ రోడ్డులో స్తూపం ఉంది, యాభై ఏళ్లు దాటింది, ఇప్పటికీ రెండు కథలున్నాయి,” అన్నాడు. నన్ను ఒప్పుకున్నట్టో కాదన్నట్టో అర్థం కాలేదు.

ఇంకొక్క విషయం చూడమన్నాను మావాడిని. చనిపోయినవాళ్లు ఆ పుస్తకంలో ఎలా కనిపిస్తున్నారు? 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు, వాళ్లలో మన విశాఖ మనిషీ ఉన్నాడు. 2018 సెప్టెంబరులో అరకు దగ్గర లివిటిపుట్టులో ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునీ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనీ మావోయిస్టులు దారి కాచి చంపారు. ఇవి మనకి దూరపు వార్తలు కావు. ఏ సర్కారునో తిట్టడానికి శవాల లెక్కని వాడుకుని, పేజీ తిప్పగానే ఆ మనుషుల్ని మర్చిపోయే పుస్తకాన్ని నేను క్షమించలేను. వాళ్ల ఇంటివాళ్లని కలిసి, పరిహారం వచ్చిందా, కేసు ఎక్కడుంది అని అడిగి రాసిన అధ్యాయం ఒక్కటున్నా ఆ రచయిత మీద గౌరవం పెరుగుతుంది. ఈ పుస్తకంలో అలాంటిది ఒకటుంది.

చివరి భాగాన్ని అనుమానంతో, మిగతాదాన్ని శ్రద్ధతో చదవమని మావాడికి చెప్పి పంపించాను. పది రోజుల తర్వాత వాళ్లింటికి వెళ్తే పుస్తకం వాడి గదిలో లేదు. హాల్లో కుర్చీ పక్కన, అన్నయ్య కళ్లద్దాల పెట్టె కింద ఉంది. మధ్యలో మడిచిన కరెంటు బిల్లు పెట్టి ఉన్నచోట తెరిచాను. తీరరక్షణ అధ్యాయం. ఒక పడవ గురించి రచయిత రాసిన వాక్యం కింద సన్నటి పెన్సిల్ గీత, పక్కన అన్నయ్య చేతిరాత: ‘తప్పు. దీనికి ఇంజన్ లోపల ఉంటుంది.’ రెండు పేజీల తర్వాత, కొన్న పడవలు నడపడానికి మనుషులు లేక ఒడ్డునే ఉండిపోయాయన్న చోట, ఇంకో గీత. దాని పక్కన ‘నిజమే’ అని ఒక్క మాట.